బెంగళూరు–చెన్నై రూటులో ఏ320 మొండికేస్తే ఎక్కడ వెతకాలి

ఇంటి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఏ320 విమానం నేర్చుకుంటున్న తెలుగువాళ్ళు, ముఖ్యంగా మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్ళు, మొదట పట్టుకునే రూటు బెంగళూరు–చెన్నై. ఆఫీసు అయ్యాక రెండు గంటలు దొరికితే సామాను సర్దుకోవడం నుంచి ఇంజిన్లు ఆపడం దాకా అంతా అయిపోతుంది. నేరుగా కొలిస్తే దూరం 145 నాటికల్ మైళ్ళు, అంటే 270 కిలోమీటర్లు. చిన్నది కాబట్టి సులువనుకుంటారు గానీ, ఢిల్లీ రూటు కంటే ఇదే కష్టం. ఢిల్లీ వెళ్తున్నప్పుడు పైన తీరిక ఉంటుంది, ఏదైనా తప్పితే నింపాదిగా దిద్దుకోవచ్చు. ఇక్కడ ఎక్కడం అయిందో లేదో దిగడానికి సిద్ధం కావాలి. పైగా ఒక చివర విమానాశ్రయం సముద్ర మట్టానికి 3,000 అడుగుల ఎత్తున ఉంటుంది, ఇంకో చివరిది 50 అడుగుల దగ్గర ఉంటుంది. ఎక్కడ లోపమున్నా ఈ గంటలో బయటపడక తప్పదు. నేర్చుకోవడానికి ఇంతకు మించిన రూటు లేదని నా గట్టి అభిప్రాయం.

కింద రాసిందంతా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (ఎంఎస్‌ఎఫ్‌ఎస్)లో ఫ్లైబైవైర్ వాళ్ళ ఉచిత ఏ320నియో, ఫీనిక్స్ ఏ320 నడిపేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఎక్స్‌ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో టోలిస్ విమానం నడిపేవాళ్ళకు ఫోల్డర్ల సంగతి వేరు, విమానం తీరు మాత్రం ఇదే.

ఏ సమస్య వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది అది ఎవరి తప్పు అని. విమానం మీరు చెప్పిందే చేస్తోందా? లీవర్లు, జాయ్‌స్టిక్ మీరు చెప్పనిది చెబుతున్నాయా? లేక కంప్యూటర్ తడబడుతోందా? వెతకడం కూడా ఈ వరుసలోనే సాగాలి. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు: ఆటోపైలట్ మాట వినలేదనగానే విమానాన్ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. రాత్రంతా డౌన్‌లోడ్‌కే పోతుంది, మర్నాడు అదే సమస్య మళ్ళీ ఎదురవుతుంది.

విమానం ఏం చేస్తోందో చెప్పేది ఎఫ్‌ఎంఏ, పైలట్ ముందుండే ప్రధాన స్క్రీన్ (పీఎఫ్‌డీ) పైభాగంలో ఐదు గళ్ళుగా ఉండే పట్టీ. ఎడమ నుంచి మొదటిది థ్రస్ట్, రెండోది ఎక్కడం దిగడం, మూడోది దిశ, నాలుగోది ల్యాండింగ్ స్థాయి, కనిష్ఠ ఎత్తు, ఐదోది ఆటోపైలట్, ఫ్లైట్ డైరెక్టర్, ఆటోథ్రస్ట్ ఆన్‌లో ఉన్నాయా లేవా అన్నది. పచ్చ అక్షరాలుంటే ఆ మోడ్ పనిలో ఉంది, నీలం ఉంటే వంతు కోసం కాచుకుని ఉంది. మోడ్ మారిన ప్రతిసారీ దాని చుట్టూ పది సెకన్లు తెల్ల గడి వస్తుంది. ఆటోపైలట్‌కు వేగం, దిశ, ఎత్తు చెప్పే ప్యానెల్ (ఎఫ్‌సీయూ) మీద నాబ్ తిప్పడం, నొక్కడం, లాగడం అన్నీ అభ్యర్థనలే. అభ్యర్థన మంజూరైందో లేదో ఎఫ్‌ఎంఏ చూస్తేనే తెలుస్తుంది. నాబ్ నొక్కిన వెంటనే కళ్ళు అక్కడికి వెళ్ళే అలవాటైతే సగం ఫిర్యాదులు పుట్టవు.

ఇక ప్లానింగ్. ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే సింబ్రీఫ్ సైట్‌లో బెంగళూరు, చెన్నై కోడ్‌లు ఇచ్చి, వెళ్ళే ఎత్తు మీరే ఎంచుకోండి. తూర్పు దిశ కాబట్టి బేసి లెవెల్. చాలామంది ఎఫ్‌ఎల్330 (అంటే 33,000 అడుగులు) పెట్టేస్తారు, అంత ఎత్తు ఎక్కేలోపే చెన్నై వచ్చేస్తుంది. లెక్క చూడండి. దిగడానికి వెయ్యి అడుగులకు మూడు మైళ్ళ చొప్పున ఎఫ్‌ఎల్210 నుంచి 63 మైళ్ళు, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది. ఎక్కడానికి యాభై మైళ్ళ దాకా పడుతుంది. మధ్యలో మిగిలే కొద్ది మైళ్ళే చెన్నై వాతావరణం చూసి, అప్రోచ్ ఎక్కించుకోవడానికి మీకున్న సమయం. ఎఫ్‌ఎల్210 గానీ 230 గానీ చాలు. అంతకు పైకి వెళ్తే ఆ కాస్తా ఉండదు.

ఇంధనం విషయానికొస్తే దారి ఖర్చు రెండు టన్నుల చుట్టుపక్కల. దానికి ట్యాక్సీకి 200 కిలోలు, అనుకోని ఖర్చుకు మరో 200, ప్రత్యామ్నాయంగా బెంగళూరుకే వెనక్కి రావడానికి దాదాపు రెండు టన్నులు, చివరి అరగంట నిల్వకు 1,100 నుంచి 1,200 కిలోలు కలపండి. మొత్తం ఐదున్నర టన్నుల దగ్గర తేలుతుంది. సిమ్యులేటర్ మామూలుగా నింపి ఇచ్చే ఇంధనం ఇంతకంటే ఎక్కువే ఉంటే బరువు పెరుగుతుంది, మీరు లెక్కకట్టిన వేగాలు పనికిరావు. కాక్‌పిట్‌లో ఉండే టాబ్లెట్‌లో సింబ్రీఫ్ అంకెలు తెచ్చుకుని, అక్కడి నుంచే ఇంధనం, ప్రయాణికులు ఎక్కించండి. ఎంసీడీయూ (ఫ్లైట్ ప్లాన్ ఎక్కించే చిన్న స్క్రీన్, కీబోర్డు) రెండో ఇనిట్ పేజీలో వేసే జీరో ఫ్యూయల్ వెయిట్ (ఇంధనం లేకుండా విమానం బరువు) ఆ టాబ్లెట్ చూపించేదే అయి ఉండాలి.

రూటు ఎక్కిస్తుంటే ఎంసీడీయూ కింది గీత మీద 'నాట్ ఇన్ డేటాబేస్' అని వస్తే అది విమానం లోపం కాదు. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. డబ్బు కట్టని సింబ్రీఫ్ ఖాతాకు పాత డేటా వస్తుంది, విమానంలో ఉన్నది ఇంకో తేదీది. ఒకదానిలో ఉన్న పాయింటు ఇంకోదానిలో ఉండదు. ఆ ఒక్క పాయింటు వదిలేసి ముందుకెళ్ళొచ్చు, లేదా రెండూ ఒకే సైకిల్‌కి తెచ్చుకోవచ్చు. చార్టుల కోసం వేరే ఖర్చు అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఈ-ఏఐపీలో రెండు విమానాశ్రయాలవీ ఉచితంగా దొరుకుతాయి.

కాక్‌పిట్ చీకటిగా ఉన్న స్థితి నుంచి మొదలుపెడితే ముందు బ్యాటరీల వోల్టేజ్. 25.5 వోల్టుల కంటే తక్కువుంటే బయటి కరెంటు పెట్టి బ్యాటరీలను ఆటోలో ఉంచి ఇరవై నిమిషాలు చార్జ్ చేయాలి. తర్వాత విమానం ఎక్కడుందో, ఎటు వంగిందో లెక్కకట్టే ఏడీఐఆర్‌ఎస్ నాబ్‌లు మూడూ నావ్‌లోకి. అలైన్‌మెంట్‌కి అసలు విమానంలో నిమిషాలు పడుతుంది, ఆ సమయాన్ని టాబ్లెట్‌లో తగ్గించుకోవచ్చు. అలైన్ అవుతుండగా విమానం కదలకూడదు. పార్కింగ్ బ్రేక్ వేయకుండా పుష్‌బ్యాక్ పిలిచేస్తే పీఎఫ్‌డీ మీద కృత్రిమ క్షితిజం రాదు, అప్పుడు డిస్‌ప్లే పాడైందనుకుంటారు.

బెంగళూరుకు ప్రత్యేకమైన తప్పు ఒకటుంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎంసీడీయూ పెర్ఫ్ టేకాఫ్ పేజీలో థ్రస్ట్ తగ్గించే ఎత్తు, వేగం పెంచే ఎత్తు అని రెండు అంకెలుంటాయి. వీడియోలు చూసి చాలామంది 1500/1500 కొట్టేస్తారు. ఆ అంకెలు నేల నుంచి కొలిచేవి కావు, సముద్ర మట్టం నుంచి కొలిచేవి. చెన్నైలో 1500 వేస్తే తేడా తెలీదు, నేల దాదాపు సున్నా కాబట్టి. బెంగళూరులో రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడే మీరు 1500 దాటి ఉన్నారు. చక్రాలు లేవగానే ఎఫ్‌ఎంఏలో 'ఎల్‌వీఆర్ సీఎల్‌బీ' (లీవర్లను సీఎల్ గాడికి తెమ్మని) మెరుస్తుంది, టేకాఫ్ మోడ్ ఎస్‌ఆర్‌ఎస్ పోయి ఎక్కే మోడ్ సీఎల్‌బీ వచ్చేస్తుంది, వేగం కోసం విమానం నేలకు దగ్గర్లోనే ముక్కు దించుతుంది. చూసేవాళ్ళకు ఆటోపైలట్ విమానాన్ని నేలకు కొట్టబోయినట్టుంటుంది. అక్కడ ఉండాల్సింది 4,500కి దగ్గరి అంకె. విమానం తనంతట తానే డేటాబేస్ నుంచి సరైనది వేసి ఉంచుతుంది, దాన్ని చెరపకుంటే చాలు.

అదే 3,000 అడుగులు టేకాఫ్ పరుగు మీదా పనిచేస్తాయి. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం 30 ఉంటే 21 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే విమానానికి అది 5,500 అడుగుల ఎత్తులాంటి గాలి. స్పీడ్ టేపు 140 నాట్లు చూపిస్తున్నప్పుడు నేల మీద వేగం 150 దాటి ఉంటుంది. రెండు రన్‌వేలూ 4,000 మీటర్లవే కాబట్టి భయం లేదు, ఫ్లెక్స్ (తగ్గించిన థ్రస్ట్‌తో టేకాఫ్) వాడొచ్చు. టాబ్లెట్ లెక్కకట్టే పేజీలో ఆ రోజు గాలి, పీడనం, రన్‌వే ఇచ్చి టేకాఫ్ వేగాలు వీ1, వీఆర్, వీ2, ఫ్లెక్స్ ఉష్ణోగ్రత తెచ్చుకోండి. ఎవరో వీడియోలో వేసిన అంకెలు కాపీ కొట్టొద్దు. ఫ్లెక్స్ ఉష్ణోగ్రత బయటి ఉష్ణోగ్రత కంటే ఎక్కువుండాలి. అసలు వేయడమే మరిచిపోయి లీవర్లు ఫ్లెక్స్ గాడిలో పెడితే 'ఇంజిన్ థ్రస్ట్ లీవర్స్ నాట్ సెట్' అని హెచ్చరికలు చూపే ఈకామ్ అరుస్తుంది. అప్పుడు లీవర్లను టోగా (పూర్తి థ్రస్ట్) గాడికి తోసేసి వెళ్ళిపోవడమే.

ఇంట్లో ఏ320 ఇబ్బందుల్లో సగానికి మూలం థ్రస్ట్ లీవర్లే. ఈ విమానంలో లీవర్ అంటే స్విచ్చు లాంటిది. ఐడిల్, సీఎల్ (ఎక్కేటప్పటిది), ఫ్లెక్స్, టోగా అన్న గాడుల్లో ఏ గాడిలో ఉందో విమానానికి కచ్చితంగా తెలియాలి. అందుకే క్యాలిబ్రేషన్‌కు ఒక సాయంత్రం కేటాయించినా నష్టం లేదు. ముందు సిమ్యులేటర్ కంట్రోల్ సెట్టింగుల్లో త్రాటిల్ యాక్సిస్‌కు వంపులేవీ లేకుండా తిన్నని గీతలా సెన్సిటివిటీ ఉంచండి, డెడ్‌జోన్ సున్నా చేయండి. జాయ్‌స్టిక్ మీద ఉండే చిన్న స్లైడర్‌కు, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కు త్రాటిల్ బైండింగ్ మిగిలి ఉంటే తీసేయండి. రెండు పరికరాలు ఒకే పనికి పోటీ పడితే లీవర్ దానంతటదే దూకుతుంది. తర్వాత ఫ్లైబైవైర్ టాబ్లెట్‌లో త్రాటిల్ క్యాలిబ్రేషన్ పేజీ తెరవండి. అక్కడ విలువ -1.00 నుంచి +1.00 దాకా కనిపిస్తుంది. లీవర్‌ను ఒక్కో గాడిలో పెట్టి ఆ విలువను నమోదు చేయాలి. చుట్టూ ప్లస్ ఆర్ మైనస్ 0.05 దాకా వెసులుబాటు ఇవ్వండి. ఒక గాడి హద్దు పక్క గాడి హద్దు మీదికి ఎక్కకూడదు. ఇక్కడ ఒక చిట్కా: గాడిలోకి కింది నుంచి వచ్చి ఒకసారి, పై నుంచి వచ్చి ఒకసారి విలువ చూడండి. చౌక లీవర్లలో రెంటికీ తేడా ఉంటుంది, వెసులుబాటు ఆ రెండింటినీ కమ్మేయాలి.

క్యాలిబ్రేషన్ చెడితే ఎలా తెలుస్తుంది? సీఎల్ గాడిలో పెట్టినా 'ఎల్‌వీఆర్ సీఎల్‌బీ' ఆగకుండా మెరుస్తుంటే విమానానికి లీవర్ ఆ గాడిలో కనిపించడం లేదు. 'ఎల్‌వీఆర్ అసిమ్' అని వస్తే రెండింటిలో ఒకటే గాడిలో ఉంది. కీబోర్డుతో ఆటోథ్రస్ట్ బటన్ నొక్కి ఆపితే 'టీహెచ్ఆర్ ఎల్‌కే' వస్తుంది, థ్రస్ట్ ఉన్నచోటే బిగుసుకుంటుంది. లీవర్లను కొద్దిగా కదిపితే విడుదలవుతుంది.

టేకాఫ్ పరుగులో ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ వేగం) యాభై శాతం దగ్గర రెండు ఇంజిన్లూ స్థిరపడ్డాక ఫ్లెక్స్‌కు తోయండి. ఎఫ్‌ఎంఏలో 'మ్యాన్ ఫ్లెక్స్', పక్కన ఎస్‌ఆర్‌ఎస్, ఆ పక్కన రన్‌వే లేదా నావ్ (ఫ్లైట్ ప్లాన్ దారి వెంట నడిపే మోడ్) కనిపించాలి. నావ్ నీలంగా కూడా లేదంటే ఫ్లైట్ ప్లాన్‌లో టేకాఫ్ రన్‌వే తర్వాత ఏదో తెగి ఉంది. 'డిస్‌కంటిన్యుటీ' అని రాసి ఉన్న గీత వస్తే నావ్ వదిలేసి విమానం ఉన్న దిశలోనే సాగిపోతుంది. దాన్ని సీఎల్‌ఆర్ కీతో చెరిపేయొచ్చు, కానీ కళ్ళు మూసుకుని ప్రతిదీ చెరపొద్దు. స్టార్ (విమానాశ్రయం వైపు వచ్చే నిర్ణీత దారి) తర్వాత రాడార్ వెక్టర్ల (కంట్రోలర్ చెప్పే దిశల) కోసం కావాలని వదిలిన ఖాళీని చెరిపితే పాయింటు నుంచి పాయింటుకు విమానం అడ్డదిడ్డంగా మలుపు తిరుగుతుంది. చార్టు పక్కన పెట్టుకుని మ్యాప్ చూపే స్క్రీన్ ఎన్‌డీలో ప్లాన్ మోడ్‌లో ఒక్కో పాయింటు చూసుకోండి.

ఎక్కుతుండగా ఆటోపైలట్ దానంతటదే ఊడిపోతుంటే అనుమానించాల్సింది జాయ్‌స్టిక్‌ని. అసలు విమానంలో సైడ్‌స్టిక్‌ను గట్టిగా లాగితేనే ఆటోపైలట్ పోతుంది. ఇంట్లో అరిగిన పొటెన్షియోమీటర్ ఒక్క క్షణం దూకుడు విలువ పంపితే చాలు, విమానానికి అది పైలట్ లాగినట్టే. విండోస్ గేమ్ కంట్రోలర్ల పేజీలో స్టిక్ ముట్టుకోకుండా గుర్తు వణుకుతోందా చూడండి. వణికితే 5 నుంచి 10 శాతం డెడ్‌జోన్ పెట్టండి. మెలితిప్పే రడ్డర్ యాక్సిస్‌కు ఇది మరీ అవసరం, ట్యాక్సీలో ముక్కు చక్రం ఊగిసలాడేదీ దాని వల్లే. డెడ్‌జోన్‌తో తగ్గకపోతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి ఇరవై ముప్ఫై సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఎస్.పి.రోడ్‌లో, చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్‌లో, ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టులో అడిగినా ఇస్తారు. డబ్ల్యూడీ-40 మాత్రం వద్దు, మామూలు రకం జిడ్డు వదులుతుంది. కొత్తది కొనేటప్పుడు అయస్కాంత హాల్ సెన్సర్ ఉన్నది చూసుకోండి, అందులో అరిగే భాగం ఉండదు.

పరికరం మొత్తంగా ఒక క్షణం మాయమై మళ్ళీ వస్తుంటే అది యూఎస్‌బీ కరెంటు ఆదా. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ దగ్గర పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న టిక్ తీసేయండి. లీవర్లు, పెడల్స్, స్టిక్ మూడూ ఒకే చవక హబ్‌కి గుచ్చితే సరిపోదు, సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. కరెంటు మాట వచ్చింది కాబట్టి, వేసవి చివర బెంగళూరులో సాయంత్రం వాన పడితే కరెంటు పోవడం మామూలే. 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ ఆటలో 400 వాట్లు దాటితే అది మోయలేదు. ఒక కేవీఏ, ఆపైది తీసుకోండి.

విమానమే సరిగ్గా లోడ్ కాకపోతే, స్క్రీన్లు నల్లగా ఉండిపోతే అప్పుడు కంప్యూటర్ వైపు చూడాలి. అప్‌డేట్ తర్వాత మొదటిసారి లోడ్ ఆలస్యం కావడం సహజం, లోపలి కోడ్ మీ కంప్యూటర్‌కు తగ్గట్టు కంపైల్ అవుతుంది. ఆ సమయంలో ఓపిక పట్టకుండా మూసేస్తే సగంలో ఆగి మరింత చెడుతుంది. ఫీనిక్స్ సిస్టమ్‌లు సిమ్యులేటర్ బయట వేరే ప్రోగ్రామ్‌గా నడుస్తాయి. యాంటీవైరస్ దాన్ని ఆపేస్తే కాక్‌పిట్ ఉంటుంది గానీ డిస్‌ప్లేలు వెలగవు. ఇంకా తేలకపోతే యాడ్‌ఆన్‌లు ఉండే కమ్యూనిటీ ఫోల్డర్‌లో విమానం ఒక్కటే ఉంచి మిగతావన్నీ పక్కకు తీయండి. బాగుపడితే తీసినవాటిలో సగం వెనక్కి పెట్టండి, మళ్ళీ చూడండి, మళ్ళీ సగం. అరవై యాడ్‌ఆన్‌లున్నా ఆరు సార్లలో దోషి దొరుకుతుంది. చాలాసార్లు అది పాత లివరీయో (విమానం రంగుల ఫైలు), ఎప్పుడో వేసి మరిచిపోయిన కాక్‌పిట్ మోడో అవుతుంది.

చెన్నై దగ్గర పడేకొద్దీ కుదుపులు ఎక్కువైతే డెవలపర్ మోడ్‌లో ఫ్రేమ్ రేట్ చూపే పెట్టె తెరవండి. 'లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్' అని ఉంటే గ్రాఫిక్స్ నాణ్యత తగ్గించినా ఫలితం ఉండదు, భారం ప్రాసెసర్ మీద ఉంది. టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను 200 నుంచి 100కి దించండి, కాక్‌పిట్ స్క్రీన్ల రిఫ్రెష్ రేట్ మీడియం చేయండి, ఏఐ ట్రాఫిక్ తగ్గించండి. జీపీయూ అని ఉంటే రిజల్యూషన్, మేఘాలు, నీడలు తగ్గించాలి. విమానానికి 60 ఫ్రేములు అక్కర్లేదు. తడబడే 45 కంటే నిలకడగా కట్టిన 30 మేలు. కానీ 20 కిందికి పడితే ఆటోపైలట్ లెక్కలే గతి తప్పి ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది, దాన్ని ట్యూనింగ్ తప్పనుకోవద్దు. చెన్నై ఎండలో ల్యాప్‌టాప్ మీద నడిపేవాళ్ళకు మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత మందగిస్తే అది వేడి.

దిగడం మొదలు కావాల్సిన చోటు దాటినా విమానం దిగదు. ఎయిర్‌బస్ తనంతట తాను ఎప్పుడూ దిగడం మొదలుపెట్టదు. ఎఫ్‌సీయూలో తక్కువ ఎత్తు పెట్టి నాబ్ నొక్కాలి, ఎఫ్‌ఎంఏలో డీఈఎస్ పచ్చగా రావాలి. మౌస్‌తో నొక్కుతున్నారో లాగుతున్నారో తేడా తెలియకపోతే సెట్టింగుల్లో కాక్‌పిట్ ఇంటరాక్షన్ లెగసీకి మార్చి చూడండి. దారి కంటే ఎత్తులో ఉండిపోతే స్పీడ్‌బ్రేక్ తీయండి. ఆటోపైలట్ ఉన్నప్పుడు ఏ320లో సగం దాకానే పలకలు లేస్తాయి, లీవర్ పూర్తిగా లాగినా అంతకు మించి రాదు.

చెన్నైలో ఏ రన్‌వే అన్నది దిగడానికి ముందే మళ్ళీ చూసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం దాకా పడమటి గాలి వీచి 25 నడుస్తుంది, సముద్రపు గాలి లోపలికి రాగానే 07కి తిరుగుతుంది. లైవ్ వాతావరణం వాడేవాళ్ళకు ఈ మార్పు సరిగ్గా దారిలో ఉండగానే ఎదురుకావచ్చు. ఎంసీడీయూలో రన్‌వే మార్చకుండా వెళ్తే ఐఎల్‌ఎస్ (రన్‌వే దాకా దారి చూపే రేడియో సంకేతం) ఫ్రీక్వెన్సీ పాతదే ఉంటుంది, ఎల్‌ఎస్ నొక్కినా గుర్తులు రావు.

రాడార్ వెక్టర్ల మీద, అంటే హెడింగ్ మోడ్‌లో వస్తున్నప్పుడు ఇంకో తంటా ఉంది. నావ్‌లో ఉంటే డీసెల్ అన్న పాయింటు దాటగానే అప్రోచ్ ఫేజ్ దానంతటదే మొదలై వేగం తగ్గుతుంది. హెడింగ్‌లో అలా జరగదు. లక్ష్య వేగం 250 దగ్గరే ఉండిపోతుంది, మీరు ఫ్లాప్స్ 1 వేద్దామంటే హద్దు 230. పెర్ఫ్ పేజీకి వెళ్ళి యాక్టివేట్ అప్రోచ్ ఫేజ్ నొక్కి, మళ్ళీ నొక్కి ఖాయం చేయాలి. తర్వాత ఫ్లాప్స్ 2కి 200, 3కి 185, ఫుల్‌కి 177 హద్దులు గుర్తుంచుకోండి.

రన్‌వే దిశను మాత్రమే పట్టే ఎల్‌ఓసీ బటన్ నొక్కి ఆగితే దిగే వాలును, అంటే గ్లైడ్‌స్లోప్‌ను, ఎప్పటికీ పట్టుకోదు, ఏపీపీఆర్ నొక్కాలి. ఎఫ్‌ఎంఏలో ఎల్‌ఓసీ, జీ/ఎస్ రెండూ నీలంగా కనిపించాలి. గ్లైడ్‌స్లోప్‌కు పైన ఉండిపోతే ఏపీపీఆర్ ఆర్మ్ చేసి ఉంచి, ఎఫ్‌సీయూలో ఎత్తు ఇప్పుడున్న దానికంటే పైకి తిప్పి, వీ/ఎస్ (ఎక్కే, దిగే వేగం) నాబ్ నిమిషానికి మైనస్ 1,500 అడుగులు పెట్టి లాగండి. ఎత్తు పైకి తిప్పకపోతే మధ్యలో ఆ ఎత్తు దగ్గర సమమై, స్లోప్ చేతికి అందకుండా పోతుంది. వెయ్యి అడుగుల్లోపు వేగం, ఫ్లాప్స్, చక్రాలు కుదరలేదంటే టోగా కొట్టి మళ్ళీ రండి.

చేత్తో దింపేటప్పుడు 50 అడుగుల దగ్గర విమానం ఫ్లేర్ మోడ్‌లోకి వెళ్ళి, 30 దగ్గర నుంచి మెల్లగా ముక్కు దించే ఒత్తిడి మొదలుపెడుతుంది, మీరు మామూలు విమానంలో లాగినట్టే లాగాలని. ఇంటి జాయ్‌స్టిక్‌కు అసలు బరువు లేక చాలామంది అవసరానికి మించి లాగేసి గాల్లో తేలిపోతారు. లాగి పట్టుకోండి, పదే పదే కుదపొద్దు. 'రిటార్డ్' అనగానే లీవర్లు ఐడిల్‌కి.

ల్యాండయ్యాక బ్రేకులు పట్టడం లేదన్న ఫిర్యాదు తరచూ వింటుంటాం. నిజానికి తప్పు బ్రేకుల్లో లేదు. గ్రౌండ్ స్పాయిలర్లు లేవాలంటే అవి ఆర్మ్ అయి ఉండాలి, రెండు లీవర్లూ ఐడిల్‌లో ఉండాలి, ప్రధాన చక్రాల మీద బరువు పడాలి. ఆటోబ్రేక్‌కు సంకేతం ఆ స్పాయిలర్లు లేచినప్పుడే వెళ్తుంది. లో అయితే నాలుగు సెకన్ల తర్వాత, మెడ్ అయితే రెండు సెకన్ల తర్వాత బ్రేక్ పడుతుంది. మీ లీవర్ ఐడిల్ గాడి క్యాలిబ్రేషన్ వెంట్రుకవాసి పక్కకు ఉంటే, విమానానికి ఒక లీవర్ ఐడిల్‌కి పైన ఉన్నట్టు కనిపిస్తుంది. స్పాయిలర్ లేవదు, ఆటోబ్రేక్ కదలదు, విమానం రన్‌వే మీద జారుతూ పోతుంది. ఈకామ్ వీల్ పేజీలో పైన స్పాయిలర్ బాణాలు లేచాయా, ఆటోబ్రేక్ బటన్ మీద డీసెల్ వెలిగిందా చూడండి. రెండూ లేవంటే పెడల్ తొక్కి ఆపి, గేట్ దగ్గర ఐడిల్ వెసులుబాటు 0.05 నుంచి కాస్త పెంచండి.

తిరుగు ప్రయాణం వెంటనే పెట్టుకుంటే వీల్ పేజీలో బ్రేకుల వేడి చూడండి. ఏ ఒక్కటి 300 డిగ్రీలు దాటి ఉన్నా టేకాఫ్ కుదరదు, ఫ్యాన్లుంటే వేసి చల్లారనివ్వాలి. ఇంజిన్లు ఆపేముందు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. వెనక్కి వచ్చేది పడమటికి కాబట్టి సరి లెవెల్, ఎఫ్‌ఎల్220 సరిపోతుంది. ఈసారి పెర్ఫ్ పేజీలో థ్రస్ట్ తగ్గించే ఎత్తు 1,500 చుట్టూ ఉంటుంది, చెన్నైకి అదే సరైనది. దిగేది మాత్రం 3,000 అడుగుల ఎత్తున ఉన్న నేల మీద కాబట్టి, దిగడానికి లెక్క వేసుకునేటప్పుడు 22,000లోంచి ఆ 3,000 తీసేసి, మిగిలిన 19 వేలకు 19ని మూడు మైళ్ళతో గుణించండి.